చర్యా రేటు, చర్యా క్రమాంకం: చెన్నై తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ప్లస్ టూ, బీఎస్సీ, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదివే తెలుగు పిల్లలు చర్యల వేగాన్ని వివరించే రసాయన గతిశాస్త్రం పాఠానికి వచ్చేసరికి దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. వేళచ్చేరిలో నా సాయంత్రం తరగతులకు వచ్చేవారిలో ఇక్కడే పుట్టి పెరిగి తమిళనాడు బోర్డులో చదివినవారు ఉంటారు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరులలో ఇంటర్ ముగించుకుని వచ్చినవారూ ఉంటారు. పుస్తకాలు వేరైనా వాళ్ళు తడబడే చోటు మాత్రం ఒక్కటే. క్రమాంకం, అంటే గాఢత మారితే చర్య వేగం ఏ మేరకు మారుతుందో చెప్పే అంకె, సమీకరణాన్ని చూస్తే తెలిసిపోతుందనుకుంటారు. అది ప్రయోగం చేసి కొలిస్తే గానీ తెలియదు. ఈ ఒక్క విషయం మనసుకెక్కితే పాఠంలో సగం బరువు దిగినట్లే. అందుకే కింది జవాబులు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

తరగతిలో ఆర్డర్, మాలిక్యులారిటీ, హాఫ్ లైఫ్ అని వినేవాటినే ఇక్కడ క్రమాంకం, అణుత, అర్ధాయువు అంటున్నాను.

చర్యా రేటు అంటే కచ్చితంగా ఏమిటి?

ప్రమాణ కాలంలో ఒక పదార్థం గాఢత ఎంత మారిందో చెప్పేదే రేటు. క్రియాజనకం (చర్యలో ఖర్చయ్యే పదార్థం) తగ్గుతుంది కాబట్టి ఆ మార్పు ముందు రుణ గుర్తు పెట్టి రేటును ధన సంఖ్యగా రాస్తాం. ఇంతవరకు అందరికీ తెలుసు. ఏ పదార్థాన్ని చూసి రేటు చెబుతున్నామన్న దగ్గరే చిక్కు వస్తుంది.

డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విఘటనం చూడండి. దాని రెండు అణువులు విడిపోతే నాలుగు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు వస్తాయి. నిమిషానికి లీటరుకు 0.02 మోల్ పెంటాక్సైడ్ తగ్గుతోందనుకుందాం. అదే నిమిషంలో డయాక్సైడ్ 0.04, ఆక్సిజన్ 0.01 చొప్పున పెరుగుతాయి. చర్య ఒకటే, అంకెలు మూడు! అందుకే ప్రతి అంకెనూ ఆ పదార్థపు గుణకంతో, అంటే సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగిస్తాం. 0.02ను 2తో, 0.04ను 4తో, 0.01ను 1తో భాగిస్తే మూడుచోట్లా 0.01 వస్తుంది. అదే చర్యా రేటు. ప్రశ్నపత్రంలో 'చర్యా రేటు' అడిగారా, 'ఫలానా పదార్థం తగ్గే రేటు' అడిగారా అన్నది రెండుసార్లు చదివి మరీ నిర్ణయించుకోండి.

సగటు రేటు ఉండగా తక్షణ రేటు దేనికి?

చాలా చర్యలు మొదట జోరుగా సాగి, క్రియాజనకం కరిగిపోయే కొద్దీ నెమ్మదిస్తాయి. పది నిమిషాల సగటు తీస్తే మొదటి నిమిషపు జోరు, చివరి నిమిషపు నీరసం కలగలిసిపోతాయి. గాఢత, కాలం గ్రాఫులో ఒక బిందువు దగ్గర స్పర్శరేఖ గీసి దాని వాలు చూస్తే ఆ క్షణపు రేటు తెలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది సున్నా క్షణం దగ్గరి వాలు, అంటే తొలి రేటు. అప్పటికి క్రియాజన్యాలు (చర్యలో పుట్టే పదార్థాలు) ఇంకా పోగుపడలేదు, వెనక్కి నడిచే చర్య లేదు, గాఢతలు మనం పోసినవే.

సమతుల్య సమీకరణంలోని గుణకాలే క్రమాంకాలు కదా?

కావు. తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

రేటు గాఢతల మీద ఎలా ఆధారపడుతుందో చెప్పేది రేటు నియమం. అందులో ఒక్కొక్క గాఢత మీద ఉన్న ఘాతమే ఆ పదార్థం పరంగా క్రమాంకం. ఘాతాలన్నీ కూడితే మొత్తం క్రమాంకం వస్తుంది. ఈ ఘాతాలు ప్రయోగం నుంచి రావాలి. గుణకాలు వస్తురాశి లెక్క మాత్రమే చెబుతాయి. ఎంత పోతే ఎంత వస్తుందో చెబుతాయి గానీ, అణువులు ఏ దారిన వెళ్ళాయో వాటికి తెలియదు.

పైన చెప్పిన పెంటాక్సైడ్‌నే తీసుకోండి. గుణకం 2, కొలిస్తే క్రమాంకం 1. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కలిసే చర్యలో రెండింటి గుణకాలూ ఒకటే. అయినా సుమారు 225 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతల్లో ఆ రేటు నైట్రోజన్ డయాక్సైడ్ గాఢత వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెంచినా రేటు కదలదు. ఎసిటాల్డిహైడ్ వాయువు వేడికి విడిపోయే చర్యలో క్రమాంకం ఒకటిన్నర. ఓజోన్ ఆక్సిజన్‌గా మారే చర్యలో ఓజోన్ పరంగా రెండు, ఆక్సిజన్ పరంగా రుణ ఒకటి. అంటే పుట్టే ఆక్సిజనే చర్యకు పగ్గం వేస్తుంది. హైడ్రోజన్, బ్రోమిన్ కలిసే చర్యకు రేటు నియమం మరీ వింతగా ఉంటుంది. హారంలో హైడ్రోజన్ బ్రోమైడ్ కూడా చేరుతుంది కాబట్టి మొత్తం క్రమాంకం ఇంత అని ఒక్క అంకెలో చెప్పడానికే కుదరదు.

గుణకాలకూ క్రమాంకాలకూ పొత్తు కుదిరే చర్యలూ ఉన్నాయి. నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ చర్యలో గుణకాలు 2, 1 అయితే క్రమాంకాలూ 2, 1. అయితే కొలిచాక కుదిరిందని తెలిసింది గానీ, కుదురుతుందని ముందే అనుకునే హక్కు మనకు లేదు.

మరి క్రమాంకాన్ని లెక్కలో ఎలా కనుక్కోవాలి?

ముందు తొలి రేట్ల పద్ధతి చూద్దాం. ఒక గాఢతను మార్చి, మిగతావి కదలకుండా ఉంచి, రేటు ఎన్ని రెట్లయిందో చూడాలి. నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రోజన్ కలిసి నైట్రోజన్, నీరు ఇచ్చే చర్యకు అభ్యాసం కోసం కొన్ని అంకెలు వేసుకుందాం.

మొదటి ప్రయోగం: రెండూ లీటరుకు 0.1 మోల్ చొప్పున. తొలి రేటు సెకనుకు లీటరుకు 0.0003 మోల్.
రెండో ప్రయోగం: నైట్రిక్ ఆక్సైడ్ 0.2, హైడ్రోజన్ 0.1. రేటు 0.0012.
మూడో ప్రయోగం: నైట్రిక్ ఆక్సైడ్ 0.2, హైడ్రోజన్ 0.3. రేటు 0.0036.

మొదటి రెండింటిలో హైడ్రోజన్ మారలేదు, నైట్రిక్ ఆక్సైడ్ రెట్టింపయింది, రేటు నాలుగింతలయింది. రెండుకు ఏ ఘాతం వేస్తే నాలుగు వస్తుంది? 2. కాబట్టి నైట్రిక్ ఆక్సైడ్ పరంగా క్రమాంకం 2. తర్వాతి రెండింటిలో హైడ్రోజన్ మూడింతలయితే రేటూ మూడింతలే అయింది, అక్కడ క్రమాంకం 1. మొత్తం 3. ఇప్పుడు

రేటు = కె × (నైట్రిక్ ఆక్సైడ్ గాఢత)² × (హైడ్రోజన్ గాఢత)

కె అంటే రేటు స్థిరాంకం. మొదటి ప్రయోగం అంకెలు వేస్తే 0.0003ను 0.001తో భాగించాలి, కె విలువ 0.3. మూడో ప్రయోగంతో సరిచూడండి. 0.3 × 0.04 × 0.3 అంటే 0.0036, సరిపోయింది. ఇలా మరో వరుసతో సరిచూడడం అరనిమిషం పని. పరీక్షలో ఆ అరనిమిషం మిగుల్చుకోవద్దు.

సమీకరణంలో హైడ్రోజన్ గుణకం 2 అని గమనించారా? కొలతలో దాని క్రమాంకం 1 వచ్చింది. ఈ లెక్కలో అంకెలు నేను వేసినవే అయినా, ఈ చర్యకు నిజంగా దొరికిన రేటు నియమం ఇదే.

ఇంకో దారి ఏకాంతీకరణ పద్ధతి. ఒక్క పదార్థాన్ని తక్కువగా, మిగతావాటిని చాలా ఎక్కువగా తీసుకుంటే ఎక్కువగా ఉన్నవాటి గాఢత చర్య జరుగుతున్నంతసేపూ దాదాపు మారదు, తక్కువగా ఉన్నదాని ప్రభావం ఒక్కటే బయటపడుతుంది. మూడోది అర్ధాయువు, అంటే పదార్థం సగమయ్యే కాలం, చూసే పద్ధతి. దానికి వేరే ప్రశ్న ఉంది.

ప్రయోగశాలలో థయోసల్ఫేట్ ప్రయోగం మాకు ఎందుకు సరిగా రావడం లేదు?

ఈ ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఖరీదైన పరికరం ఏదీ లేకుండా, కంటితో, గడియారంతో క్రమాంకాన్ని కొలిచే వీలు దీనిలో ఉంది.

శంఖాకార కుప్పెలో సోడియం థయోసల్ఫేట్ ద్రావణం పోసి, తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసిన ఇంటూ గుర్తు మీద పెడతాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కుతాం. కొంతసేపు ఏమీ జరగనట్లే ఉంటుంది. తర్వాత ద్రావణంలో సన్నని నీలి ఛాయ ఉన్న తెలుపు కమ్ముతుంది. అది గంధకపు అతి చిన్న కణాల పని. క్రమంగా తెలుపు చిక్కబడి లేత పసుపులోకి తిరుగుతుంది. పైనుంచి చూస్తుంటే ముందు గుర్తు అంచులు మసకబారతాయి, తర్వాత గీతలు పలచబడతాయి, ఒక క్షణంలో గుర్తు మాయమవుతుంది. అప్పుడు గడియారం ఆపాలి.

గుర్తు మాయమవడానికి ప్రతిసారీ దాదాపు ఒకే మోతాదు గంధకం కావాలి. కాబట్టి పట్టిన కాలం ఎంత తక్కువైతే రేటు అంత ఎక్కువ, అంటే కాలపు విలోమం రేటుకు అనుపాతం. థయోసల్ఫేట్ 10, 20, 30, 40, 50 మిల్లీలీటర్లు తీసుకుని ప్రతిసారీ నీటితో 50కి నింపి, ఒకే కొలత ఆమ్లం పోసి, కాలపు విలోమాన్ని థయోసల్ఫేట్ ఘనపరిమాణానికి ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. థయోసల్ఫేట్ పరంగా క్రమాంకం ఒకటి అని ఆ రేఖ చెబుతుంది.

సరిగా రాకపోవడానికి కారణాలు చిన్నవే. మొత్తం ఘనపరిమాణం సమానం చేయకపోతే ద్రవపు లోతు మారి, గుర్తు కనబడని స్థితే మారిపోతుంది. కుప్పెలు మార్చినా, చూసే మనిషి మారినా అంతే. గత ప్రయోగపు గంధకం గోడలకు అంటుకుని ఉంటే తర్వాతి కాలం తప్పుతుంది, వెంటనే బ్రష్‌తో కడగాలి. ఇక మన ఊరికి ప్రత్యేకమైన కారణం వేడి. మే నెలలో ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా సాగదీస్తే గది ఉష్ణోగ్రతతో పాటు ద్రావణాల ఉష్ణోగ్రతా పెరుగుతుంది. చివరి కొలతల్లో గాఢత ప్రభావం ఎంతో, వేడి ప్రభావం ఎంతో విడదీయలేరు. సీసాలన్నీ ఒకే నీళ్ళ తొట్టిలో ఉంచి, ప్రతి వరుసకూ ఉష్ణోగ్రత రాసుకోండి. సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచండి. ఉబ్బసం ఉన్నవారు కుప్పె మీదికి వంగి చూసే పని మరొకరికి అప్పగించండి.

గాఢత పెంచినా రేటు మారదంటే నమ్మడం ఎలా? శూన్య క్రమాంకం నిజంగా ఉందా?

ఉంది. వేడి ప్లాటినం తీగ మీద అమ్మోనియా విడిపోవడం పాత ఉదాహరణ. లోహపు ఉపరితలం మీద చోటు పరిమితం. పీడనం ఎక్కువగా ఉంటే ఆ చోటంతా అమ్మోనియాతో నిండిపోతుంది, బయట ఇంకెంత వాయువు వేచి ఉన్నా లోపలికి రావడానికి ఖాళీ లేదు. పీడనం బాగా తగ్గిస్తే చోట్లు ఖాళీ అవుతాయి, అప్పుడు అదే చర్య ప్రథమ క్రమాంకంలోకి వస్తుంది. అంటే క్రమాంకం చర్యకు పుట్టుమచ్చలా అంటుకుని ఉండేది కాదు, పరిస్థితులు మారితే మారగలదు.

ఎసిటోన్‌ను ఆమ్లం సమక్షంలో అయోడిన్‌తో కలిపే ప్రయోగం ఇంకా అందంగా ఉంటుంది. ఎసిటోన్, ఆమ్లం ఎక్కువగా ఉంటే అయోడిన్ గోధుమరంగు నిలకడగా, సరళరేఖలో తగ్గుతూ పోయి చివరికి పూర్తిగా పోతుంది. రేటు ఎసిటోన్ మీదా ఆమ్లం మీదా ఆధారపడుతుంది, అయోడిన్ మీద ఆధారపడదు. ఎందుకంటే నెమ్మదిగా జరిగే దశలో ఎసిటోన్ తన రూపం మార్చుకుంటుంది, అయోడిన్ వచ్చి చేరేది ఆ తర్వాతి వేగవంతమైన దశలో.

మన ఒంట్లోనూ ఇది జరుగుతుంది. మద్యాన్ని విడగొట్టే ఎంజైము నిండిపోయాక రక్తంలోని ఆల్కహాల్ గంటకు దాదాపు ఒకే చొప్పున తగ్గుతుంది. ఎంజైముల ఈ ప్రవర్తనకు శాస్త్రవేత్తలు మైఖేలిస్, మెంటెన్ 1913లో సమీకరణం ఇచ్చారు.

అర్ధాయువు చూసి క్రమాంకం చెప్పవచ్చా?

చెప్పవచ్చు, అదీ ఒక్క చూపులో. లీటరుకు 0.80 మోల్‌తో మొదలై 20 నిమిషాల్లో 0.40కి చేరిన మూడు చర్యలు ఊహించుకోండి. అప్పటిదాకా మూడూ ఒకేలా కనిపిస్తాయి. వాటి తేడా ఆ తర్వాత బయటపడుతుంది.

ప్రథమ క్రమాంకమైతే 0.20కి చేరడానికి మరో 20 నిమిషాలు, 0.10కి ఇంకో 20 నిమిషాలు పడుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా సగమయ్యే కాలం మారదు. ద్వితీయ క్రమాంకమైతే తర్వాతి సగానికి 40 నిమిషాలు, ఆ తర్వాతి సగానికి 80. గాఢత తగ్గే కొద్దీ అణువులు ఒకదానికొకటి దొరకడం కష్టమవుతుంది. శూన్య క్రమాంకమైతే 10 నిమిషాలు, ఆపై 5 నిమిషాలే.

గ్రాఫులో కావాలంటే, గాఢత నేరుగా కాలంతో సరళరేఖలో తగ్గితే శూన్య క్రమాంకం, గాఢత సహజ సంవర్గమానం తగ్గితే ప్రథమ క్రమాంకం, గాఢత విలోమం సరళరేఖలో పెరిగితే ద్వితీయ క్రమాంకం. మూడూ గీసి చూడండి. ఒక్క అర్ధాయువు దాకా సేకరించిన అంకెలకు మూడూ సరళరేఖల్లాగే కనబడి మోసం చేస్తాయి. కనీసం రెండు, వీలైతే మూడు అర్ధాయువుల దాకా కొలతలు తీయాలి.

ప్రథమ క్రమాంకానికి అర్ధాయువు 0.693 ÷ కె. 99.9 శాతం పూర్తికావడానికి దాదాపు పది అర్ధాయువులు పడుతుందన్నది పరీక్షల్లో మళ్ళీమళ్ళీ వచ్చే లెక్క. పదిసార్లు సగం చేస్తే 1024లో ఒక వంతు మిగులుతుంది కాబట్టి దాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. చాలా మందులు శరీరం నుంచి దాదాపు ఈ పద్ధతిలోనే పోతాయి. ఆరోగ్యవంతులైన పెద్దల్లో పారాసిటమాల్ అర్ధాయువు సుమారు 2 నుంచి 3 గంటలు. ఏ మందయినా ఐదు అర్ధాయువులు గడిస్తే దాదాపు 3 శాతమే మిగులుతుంది.

క్రమాంకానికీ అణుతకూ తేడా ఏమిటి?

చాలా చర్యలు ఒక్క అంగలో జరగవు, చిన్న చిన్న ప్రాథమిక దశల వరుసగా సాగుతాయి. అణుత వాటిలో ఒక్క దశకు సంబంధించినది. ఆ దశలో ఎన్ని కణాలు కలిసి పాల్గొంటున్నాయో చెబుతుంది. కాబట్టి అది పూర్ణ సంఖ్యే అవుతుంది, సున్నా కానేకాదు, మూడు దాటడం లేదు. నాలుగు అణువులు ఒకే క్షణంలో సరైన దిశల్లో వచ్చి ఢీకొనడం జరిగే పని కాదు. క్రమాంకం మొత్తం చర్యకు సంబంధించినది, కొలిచి తెలుసుకునేది, భిన్నమైనా సున్నా అయినా రుణమైనా కావచ్చు.

చర్యలోని దశల్లో అన్నిటికంటే నెమ్మదిగా సాగేది రేటును నిర్ణయిస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ చర్యలో ముందు రెండు డయాక్సైడ్ అణువులు నెమ్మదిగా కలిసి నైట్రోజన్ ట్రైయాక్సైడ్‌ను ఇస్తాయి, ఆ తర్వాత అది మోనాక్సైడ్‌తో చకచకా కలిసిపోతుంది. మోనాక్సైడ్ క్రమాంకం సున్నా కావడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. దశలను ఊహించి రాసిన రేటు నియమం కొలతతో సరిపోయినంత మాత్రాన ఆ దశలు నిజమని రుజువైనట్లు కాదు. హైడ్రోజన్, అయోడిన్ వాయువుల చర్యను 1890ల్లో రసాయనవేత్త బోడెన్‌స్టైన్ కొలిచాడు. రెండింటి పరంగానూ క్రమాంకం ఒకటి కాబట్టి రెండు అణువులు నేరుగా ఢీకొని జరిగే చర్య అని దశాబ్దాల పాటు పుస్తకాలు ఉదాహరణగా చెప్పాయి. 1967లో మరో రసాయనవేత్త సలివన్ కాంతితో అయోడిన్ పరమాణువులను పుట్టించి కొలిచి, ఆ పరమాణువులకు చర్యలో పాత్ర ఉందని చూపాడు. రేటు నియమం చెక్కుచెదరలేదు, దాని వెనక చెప్పుకున్న కథ మారింది.

మిథ్యా ప్రథమ క్రమాంకం అనే పేరు ఎందుకు?

నిజానికి రెండు పదార్థాల మీద ఆధారపడే చర్యలో ఒకటి అపారంగా ఉంటే రెండోదాని ప్రభావమే కంటికి కనబడుతుంది. నీటి గాఢత లీటరుకు సుమారు 55.5 మోల్. అందులో 0.1 మోల్ ఎస్టర్ జలవిశ్లేషణ చెందితే, అంటే నీటితో చర్య జరిపి విడిపోతే, ఖర్చయ్యే నీరు లెక్కలోకే రాదు. ఆ స్థిరమైన 55.5 రేటు స్థిరాంకంలో కలిసిపోతుంది.

గతిశాస్త్రం మొదలైందే ఇలాంటి చర్యతో. 1850లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మీ చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోవడాన్ని ధ్రువణమాపకంతో గమనించాడు. చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది, విడిపోయాక వచ్చే మిశ్రమం ఎడమవైపు తిప్పుతుంది. ద్రావణాన్ని కదిలించకుండా, ఒక్క చుక్కయినా బయటికి తీయకుండా కోణం మారే తీరు చూసి, ఏ క్షణంలోనైనా రేటు అప్పటికి మిగిలిన చక్కెరకు అనుపాతమని తేల్చాడు. రేటు నియమాన్ని గణితంగా రాసిన మొదటి పని ఇదేనని చెబుతారు.

రేటు స్థిరాంకం ప్రమాణాలు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయెందుకు?

కాలాన్ని సెకన్లలో తీసుకుంటే రేటు ప్రమాణం ఎప్పుడూ మోల్/లీటర్/సెకను. గాఢత ఎన్ని ఘాతాల్లో ఉందో దాన్ని బట్టి మిగిలిన ప్రమాణం కె మీద పడుతుంది. శూన్య క్రమాంకానికి మోల్/లీటర్/సెకను, ప్రథమానికి సెకనుకు ఇంత, ద్వితీయానికి లీటర్/మోల్/సెకను. ప్రశ్నలో కె ప్రమాణం ఇచ్చారంటే క్రమాంకం కూడా చెప్పేసినట్లే.

పది డిగ్రీలు పెరిగితే రేటు రెట్టింపవుతుందా? చెన్నై ఎండకు కూడా ఇదే వర్తిస్తుందా?

ఇది సూత్రం కాదు, ఒక అంచనా మాత్రమే. 1889లో శాస్త్రవేత్త అర్హీనియస్ ఇచ్చిన సమీకరణంతో లెక్కవేస్తే, 27 నుంచి 37 డిగ్రీలకు వెళ్ళినప్పుడు రేటు సరిగ్గా రెట్టింపు కావాలంటే ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి అణువులకు ఉండాల్సిన కనీస శక్తి) మోల్‌కు దాదాపు 54 కిలోజౌళ్ళు ఉండాలి. అది 25 అయితే రేటు 1.4 రెట్లే పెరుగుతుంది. 100 అయితే మూడున్నర రెట్లు దాటుతుంది. ఏ చర్యకు ఎంతో మళ్ళీ కొలవాల్సిందే. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కె విలువలు తీసి, వాటి సహజ సంవర్గమానాలను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీసి, వాలు గుర్తు మార్చి వాయు స్థిరాంకం 8.314తో గుణిస్తే ఉత్తేజన శక్తి జౌళ్ళలో వస్తుంది.

పది డిగ్రీలకే అంత మార్పు ఎందుకు? అణువులు ఎక్కువసార్లు ఢీకొనడం వల్ల అని చాలామంది రాస్తారు. 300 నుంచి 310 కెల్విన్‌కు వెళితే వాయువులో ఢీకొనే సంఖ్య పెరిగేది రెండు శాతం లోపే. అసలు కారణం, ఉత్తేజన శక్తి అనే గడప దాటగల అణువుల వాటా బాగా పెరగడం.

దోసెల పిండి డిసెంబరులో రాత్రంతా పట్టి పులిస్తే, మే నెల అగ్ని నక్షత్రం ఎండల రోజుల్లో సాయంత్రానికే పొంగి గిన్నె దాటుతుంది. అదీ ఇదేనా అని అడుగుతారు. కొంతవరకే. అక్కడ చర్యలతో పాటు బ్యాక్టీరియా సంఖ్య కూడా పెరుగుతోంది, పైగా వేడి ఒక హద్దు దాటితే వాటి ఎంజైములు దెబ్బతిని వేగం పడిపోతుంది. అర్హీనియస్ సరళరేఖ అంతదూరం రాదు.

వేడి పెరిగితే రేటు తగ్గే చర్య కూడా ఉంది. నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ చర్యలో ముందు రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు జతకడతాయి. వేడి ఆ జతను విడగొడుతుంది, ఆక్సిజన్‌కు దొరికే జతలు తగ్గుతాయి.

ఉత్ప్రేరకం క్రమాంకాన్ని మారుస్తుందా?

మార్చవచ్చు. ఉత్ప్రేరకం తాను ఖర్చు కాకుండా చర్య వేగాన్ని పెంచే పదార్థం, అది చర్యకు వేరే దారి చూపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ విఘటనానికి ఉత్తేజన శక్తి మోల్‌కు సుమారు 76 కిలోజౌళ్ళు, అయోడైడ్ కలిపితే సుమారు 57. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ ఒక్క తేడాకే రేటు దాదాపు రెండు వేల రెట్లవుతుంది. అప్పుడు రేటు పెరాక్సైడ్ మీదా అయోడైడ్ మీదా ఆధారపడుతుంది, చర్యలో ఖర్చే కాని అయోడైడ్ రేటు నియమంలో కనబడుతుంది. సమతాస్థితి మాత్రం మారదు. ఉత్ప్రేరకం అక్కడికి త్వరగా చేరుస్తుంది, అంతే.

రసాయన పరిశ్రమలో ఎప్పుడూ వేగం పెంచడమే లక్ష్యమా?

కాదు. దీనికి మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది, తోళ్ళ పని. అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధనాలయానికి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ తెలుగువాడు. తోలును క్రోమియం లవణంతో పదును చేయడంలో, అంటే పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా నిలిచే తోలుగా మార్చడంలో ఉన్న కష్టమంతా రేటుదే. చర్మం మందంగా ఉంటుంది, క్రోమియం లోపలి దాకా ఇంకాలి, ఆ తర్వాతే కొలాజెన్ ప్రొటీన్‌తో బంధం ఏర్పరచుకోవాలి. బంధం తొందరగా ఏర్పడితే పైపొరలే క్రోమియాన్ని పట్టేసుకుంటాయి, నడుమ పచ్చిగా మిగులుతుంది.

అందుకే పని రెండు అంచెల్లో చేస్తారు. మొదట తిరిగే పీపాలో ఆమ్లత్వం ఎక్కువగా, పీహెచ్ 3 కంటే కాస్త తక్కువగా ఉంచుతారు. అప్పుడు బంధం ఏర్పడే చర్య మందగించి క్రోమియం నిదానంగా లోపలికి పాకుతుంది. తోలులో బాగా మందమైన చోట కత్తితో కోసి, నీలిరంగు నడుమ దాకా చేరిందో లేదో చూస్తారు. చేరాకే తినే సోడా వంటి క్షారాన్ని కొద్దికొద్దిగా పోసి పీహెచ్‌ను 4 దరిదాపులకు తెస్తారు. అప్పుడు బంధం బిగుస్తుంది. సోడా ఒక్కసారిగా కుమ్మరిస్తే అంత శ్రమా వృథా. ఇంకే రేటు, బంధించే రేటు ఈ రెండింటిలో ఏది ముందుండాలో ఎంచుకోవడమే ఆ పనివాళ్ళ నేర్పు. పల్లావరం, క్రోంపేట ప్రాంతాల్లో తోళ్ళ పని చూసినవారికి ఇది కొత్త కాదు.

శక్తిపరంగా జరగగల చర్య తప్పక జరుగుతుంది కదా?

జరగాలనే నియమం లేదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరు కావడం శక్తిపరంగా ఎంతో అనుకూలం. అయినా నిప్పురవ్వో ఉత్ప్రేరకమో లేకుండా గది ఉష్ణోగ్రతలో ఆ మిశ్రమం ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. దిశను ఉష్ణగతిశాస్త్రం చెబుతుంది, వేగాన్ని గతిశాస్త్రం చెబుతుంది.

పరీక్షల్లో మార్కులు ఎక్కువగా ఎక్కడ పోతాయి?

సెల్సియస్‌ను కెల్విన్‌గా మార్చకపోవడం, కిలోజౌళ్ళను జౌళ్ళుగా మార్చకుండా 8.314తో కలపడం, 10 ఆధారపు సంవర్గమానం వాడి 2.303 మరచిపోవడం. ఇవి మూడూ తెలియక చేసే తప్పులు కావు, తొందరలో చేసేవి. లెక్క మొదలుపెట్టే ముందు ఇచ్చిన అంకెలన్నిటినీ ప్రమాణాలతో సహా ఒక పక్క రాసుకునే అలవాటుతో ఇవి చాలావరకు పోతాయి.

ప్రయోగశాల లేకుండా ఇంట్లో క్రమాంకం కొలిచే వీలుందా?

ఉంది, పెద్దలెవరైనా పక్కన ఉండాలి. విటమిన్ సి మాత్ర పొడిచేసి నీటిలో కరిగించి, వడకట్టి, పొవిడోన్ అయోడిన్ (గాయాలకు పూసే గోధుమరంగు మందు) చుక్కలు వేయండి. గోధుమరంగు మాయమవుతుంది. వేరే గ్లాసులో పలచని గంజినీళ్ళు, మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపండి. రెండూ కలిపి గడియారం చూడండి. పెరాక్సైడ్ నెమ్మదిగా అయోడైడ్‌ను అయోడిన్‌గా మారుస్తుంటే విటమిన్ సి దాన్ని వెంటవెంటనే వెనక్కి తిప్పుతుంటుంది. విటమిన్ సి అయిపోయిన క్షణాన గంజి ఒక్కసారిగా నల్లనీలం అవుతుంది.

పెరాక్సైడ్, అయోడైడ్ చర్యనే 1860ల్లో రసాయనవేత్త హార్కోర్ట్, గణితవేత్త ఎస్సన్ కలిసి ఆక్స్‌ఫర్డ్‌లో ఎంతో ఓపికగా కొలిచారు. మీరు చేయాల్సింది పెరాక్సైడ్‌ను సగానికి తగ్గించి, తగ్గిన మేరకు నీళ్ళు పోసి, మిగతావన్నీ అంతే ఉంచి మళ్ళీ కాలం చూడడం. కాలం దాదాపు రెట్టింపయితే పెరాక్సైడ్ పరంగా క్రమాంకం ఒకటి. కళ్ళద్దాలు పెట్టుకోండి, వంటకు వాడే గిన్నెలు వాడకండి, పని అయ్యాక అంతా ఎక్కువ నీళ్ళతో పారబోయండి. అయోడిన్ మరక బట్టలకు అంటితే, మిగిలిన విటమిన్ సి నీళ్ళతో రుద్దితే పోతుంది.